నాయకుని పత్రికకు వచ్చిందెవరు?
గంజాం తెలుగు పాఠకుల లెక్క గురించి కొన్ని మాటలు

స్థానిక ప్రజాప్రతినిధి ఒకరు తన నియోజకవర్గ ప్రజల కోసం ఇంటర్నెట్‌లో ఒక చిన్న పత్రిక నడుపుతున్నారనుకుందాం. రోడ్డు పనుల వివరాలు, పింఛన్లు ఇచ్చే తేదీలు, తుఫాను హెచ్చరికలు, సభలో తాను మాట్లాడిన మాటలు అందులో ఉంటాయి. ఆ పత్రిక ఏ భాషలో ఉండాలి, ఏ లిపిలో ఉండాలి, దాన్ని ఎవరు చదువుతున్నారో ఎలా తెలుసుకోవాలి అన్నవి పైకి సాంకేతికమైన ప్రశ్నలు. అందరూ ఒకే భాష మాట్లాడే ప్రాంతంలో అవి సాంకేతిక ప్రశ్నలుగానే మిగిలిపోతాయి. ఒడిశాలోని గంజాం వంటి ద్విభాషా ప్రాంతంలో మాత్రం వాటికి సమాధానం కంప్యూటర్ మెకానిక్కు ఒక్కడే చెప్పలేడు. భాషాశాస్త్రం చదువుకున్నవాళ్ళం కూడా కొంత చెప్పవలసి ఉంటుంది. ఆ ప్రయత్నమే ఈ వ్యాసం.

ఈ విషయం మీదికి నా దృష్టి మళ్ళడానికి కారణం ఒక ఫోను. బరంపురానికి ఉత్తరాన ఉన్న కొడల నుంచి ఒక యువకుడు చేశాడు. మా పాత విద్యార్థికి బంధువు. అక్కడి నాయకుడొకరి ఇంటర్నెట్ పత్రికను చూసుకొనే పని అతనిది. పత్రికను ఒడియా, తెలుగు, ఇంగ్లీషు భాషల్లో మొదలుపెట్టారు. ఆరు నెలలు గడిచాయి.

"మాస్టారూ, తెలుగు పేజీకి మనుషులు రావటం లేదండి. లెక్కలో పట్టుమని పదిమంది కనిపించటం లేదు. తీసేద్దామంటున్నారు మావాళ్ళు. మీరేమంటారు?"

"ఆ లెక్క ఎవరు రాశారు బాబూ?" అని అడిగాను.

"ఎవరూ రాయలేదండి. కంప్యూటరే రాసింది."

కంప్యూటరే రాసింది కనుక అందులో ఎవరి చెయ్యీ లేదని అతని ఉద్దేశం. ఆ మాట వినగానే నాకు గంజాంలో జరిగిన పాత లెక్కల తగవు గుర్తుకు వచ్చింది. దాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటే తరువాతి విషయం తేలికవుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు గంజాం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఎక్కడివరకు ఒడియా, ఎక్కడినుంచి తెలుగు అన్న ప్రశ్న అంతకు ముందునుంచే నడుస్తున్నది. 1924లో ఫిలిప్, డఫ్ అనే ఇద్దరు అధికారులు మద్రాసు రాష్ట్రంలోని ఒడియా ప్రాంతాలలో విచారణ జరిపారు. తరువాత 1931లో ఓడొనెల్ అధ్యక్షతన సరిహద్దుల సంఘం ఏర్పడింది. సరిహద్దు గీయడానికి వాళ్ళకు ముఖ్యంగా కావలసింది మాతృభాషల లెక్క. ఆ లెక్క మీదనే తగవు వచ్చింది. జనాభా లెక్కలు రాసినవారిలో తెలుగువారు ఎక్కువగా ఉండడంవల్ల ఒడియావారిని తెలుగువారిగా రాశారని ఒడియా పక్షం అభియోగం. తెలుగు పక్షం దాన్ని ఖండించింది. చివరకు పర్లాకిమిడిలో ఒక భాగం కూడా ఒడిశాలో చేరింది. అక్కడ జీవితమంతా పాఠం చెప్పి, సవరభాషకు సేవచేసిన గిడుగు రామమూర్తిగారు ఆ నిర్ణయానికి నిరసనగా 1936లో ఊరు విడిచి రాజమండ్రికి తరలిపోయారు.

ఆ తగవులో ఏ పక్షానిది న్యాయం అన్నది ఇక్కడ మనకు ప్రస్తుతం కాదు. గమనించవలసింది ఒకటే. రెండు భాషలూ ఇంట్లో వాడుకొనే మనిషిని "నీ భాష ఏది?" అని అడిగినప్పుడు, ఆ మనిషి చెప్పే సమాధానం అడిగినవాడి భాషను బట్టి, అడిగిన సందర్భాన్ని బట్టి, కాగితం మీద ఎన్ని గడులు ఉన్నాయన్నదాన్ని బట్టి మారుతుంది. అబద్ధం చెప్పాడని కాదు. అతనికి ఒకటికి మించి నిజమైన సమాధానాలున్నాయి, కాగితంలో ఉన్నది ఒక గడి.

లెక్కను బట్టి హక్కు రావడం కూడా మనకు కొత్త కాదు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సమయంలో, 1956 సెప్టెంబరులో, కేంద్ర హోంశాఖ భాషా అల్పసంఖ్యాకుల రక్షణల గురించి ఒక పత్రం విడుదల చేసింది. ఒక జిల్లాలోగాని, పురపాలక ప్రాంతంలోగాని, తాలూకావంటి చిన్న విభాగంలోగాని అల్పసంఖ్యాక భాషవారు నూటికి 15 నుంచి 20 వరకు ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను ఆ భాషలో కూడా ప్రచురించడం మేలని అందులో ఉంది. నూటికి పదిహేను వస్తే తెలుగులో ప్రకటన, రాకపోతే లేదు. కొడల యువకుడి పైవాళ్ళు ఆలోచించిన తీరు కూడా ఇదే. తేడా ఏమిటంటే జనాభా లెక్కను పదేళ్ళకొకసారి వేయాలని ఏర్పాటు. ఈ లెక్క రోజూ రాత్రి పన్నెండు గంటలకు తేలుతుంది.

ఇప్పుడు కంప్యూటర్ ఈ లెక్కను ఎలా రాస్తుందో చూద్దాం.

పాఠకుడు పత్రికలో ఒక పుట తెరిచినప్పుడు అతని ఫోను ఆ పత్రిక ఉన్న సర్వర్‌కు కబురు పంపుతుంది. సర్వర్ తన చిట్టాలో ఒక వరుస రాసుకుంటుంది. ఏ సమయానికి, ఏ ఇంటర్నెట్ చిరునామా నుంచి, ఏ పుట అడిగారు, ఎక్కడి లింకు పట్టుకొని వచ్చారు, ఏ రకం ఫోను, ఇవి అందులో సామాన్యంగా ఉంటాయి. పుటలో నాలుగు ఫోటోలు ఉంటే వాటికోసం నాలుగు వేరే వరుసలు పడతాయి. 1990ల చివర మన దేశంలో ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో "మా పత్రికకు ఇన్ని వేల హిట్లు" అని చెప్పుకొనేవారే, అవన్నీ ఈ వరుసలు. ఒక్క మనిషి ఒక్కసారి వచ్చినా పది హిట్లు కావచ్చు. అందుకే ఇప్పుడు హిట్లను వదిలి పుటలను, రాకలను, మనుషులను విడివిడిగా లెక్కిస్తున్నారు. అరగంటపాటు ఏ కదలికా లేకపోతే ఆ రాక ముగిసినట్టు లెక్క. అరగంట దాటి మళ్ళీ వస్తే అది రెండో రాక.

మనుషులను లెక్కించడం దగ్గర చిక్కు మొదలవుతుంది. సర్వర్‌కు మనిషి కనిపించడు. అందువల్ల పాఠకుని ఫోనులో కుకీ అనే చిన్న గుర్తు ఒకటి దాచిపెడుతుంది. మరోసారి అదే గుర్తు కనిపిస్తే పాతమనిషే అనుకుంటుంది. మన సంతల్లో వచ్చినవాడి చేతిమీద ముద్ర కొట్టినట్టు. కానీ ముద్ర పడింది చేతిమీద కాదు, ఫోను మీద. ఒకరికి రెండు ఫోన్లుంటే ఇద్దరు మనుషులు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉంటే ఒక్క మనిషి. వీటికి తోడు ఇంటర్నెట్‌ను నిత్యం గాలించే యంత్రాలు కొన్ని ఉంటాయి. వాటిని జల్లెడ పట్టకపోతే అవి కూడా పాఠకులే.

మనిషి ఏ ఊరివాడన్నది ఇంటర్నెట్ చిరునామాను బట్టి ఊహిస్తారు. సెల్‌ఫోన్ కంపెనీలు చిరునామాలు చాలక వేలమందికి కలిపి ఒకే చిరునామా వాడతాయి. అందుచేత కొడలలో కూర్చుని చదివినవాడు లెక్కలో భువనేశ్వరంలోనో కలకత్తాలోనో తేలవచ్చు. ఊరి పేరుతో వెతికి వచ్చేవారిది ఇంకో కథ. బరంపురాన్ని ఇంగ్లీషులో బెర్హంపూర్ అంటారు, అధికారికంగా బ్రహ్మపుర, రైల్వేస్టేషన్ బోర్డు మీద కూడా బ్రహ్మపురే. పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాకు ముఖ్యపట్టణమైన బెర్హంపూర్ ఒకటి ఉండనే ఉంది. ఆ ఊరు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు కూడా మన నాయకుని పత్రిక తలుపు తట్టి వెనక్కు పోతుంటారు.

కొడల పేరే చూడండి. రోమన్ అక్షరాలలో రాస్తే అది ద యో డ యో, ల యో ళ యో, మొదటి అచ్చు హ్రస్వమో దీర్ఘమో తెలియదు. తెలుగులో రాసేవాడు తను విన్నట్టు రాస్తాడు. కొడల అని ఒకరు, కోడల అని ఒకరు, కోదళ అని ఒకరు వెతికితే కంప్యూటర్‌కు అవి మూడు వేరే మాటలు. పైగా తెలుగు అక్షరాలు చిట్టాలో తెలుగుగా కనిపించవు. యూనికోడ్ పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కొక్కటి మూడేసి బైట్లు. చిట్టాలో ఒక్కో బైటూ ఒక శాతం గుర్తు, దాని వెంట రెండు సంకేతాలుగా పడుతుంది. "కొడల" అనే మూడక్షరాల మాటకు, ఒత్వాన్ని కూడా విడిగా లెక్కించాలి కనుక, నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు, చిట్టాలో ముప్ఫయ్యారు గుర్తులు. చూసేవాడు చెత్త అనుకొని చెరిపేస్తాడు. మా యువకుడు కొన్నాళ్ళు అలాగే చేశాడట. తెలుగులో వెతుక్కుంటూ వచ్చినవాళ్ళ ఆనవాళ్ళన్నీ ఆ విధంగా పోయాయి.

ఇక భాష. పాఠకుడి భాష సర్వర్‌కు ఎలా తెలుస్తుంది? ఫోను పంపే కబురులో భాషా సూచిక ఒకటి ఉంటుంది. ఫోను కొన్నప్పుడు అందులో ఏ భాష ఎంచుకున్నారో ఆ సూచిక అదే చెబుతుంది. కొనేటప్పుడు దుకాణదారు ఇంగ్లీషులో పెట్టి ఇస్తాడు. నూటికి తొంభైమంది దాన్ని మార్చరు అనబోయాను కానీ లెక్కల గురించి రాస్తున్న వ్యాసంలో అటువంటి లెక్క చెప్పకూడదు. మా ఇంట్లో నాలుగు ఫోన్లున్నాయి. నాలుగూ ఇంగ్లీషులోనే ఉన్నాయి, తెలుగు పాఠం చెప్పేవాడి ఫోనుతో సహా.

ఒక ఇంటిని ఊహించుకుందాం. కొడల బజారులో తెలుగు కుటుంబం. నాయనమ్మ తెలుగు తప్ప వేరే మాట్లాడదు. ఏ లిపీ చదవదు. తండ్రి ఒడియా బడిలో చదువుకున్నాడు. ఇంట్లో తెలుగు, దుకాణంలో ఒడియా. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు. కూతురు ఇంగ్లీషు మీడియం; స్నేహితురాళ్ళకు తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలలో రాసి పంపుతుంది. ఇంట్లో ఉన్నది ఒకటే మంచి ఫోను, కూతురిది. పింఛను తేదీ ఎప్పుడో చూడమ్మా అని నాయనమ్మ అడిగింది. కూతురు పత్రిక తెరిచి, ఇంగ్లీషులో చూసి, తెలుగులో చెప్పింది. తండ్రి పక్కనుంచి తొంగిచూశాడు. సర్వర్ చిట్టాలో దీనికి పడే వరుస ఏమిటి? మనిషి ఒకరు. ఊరు భువనేశ్వరం. భాష ఇంగ్లీషు. తేదీ కనబడగానే ఆ అమ్మాయి ఎనిమిది సెకన్లలో ఫోను పక్కన పెట్టేసింది. గూగుల్ అనలిటిక్స్ ఇప్పటి పద్ధతిలో పది సెకన్లయినా ఉండకుండా, రెండో పుటకైనా పోకుండా వెళ్ళిపోతే ఆ రాకను మామూలుగా శ్రద్ధ లేని రాకగా లెక్కిస్తారు. అంటే ముగ్గురు తెలుగువాళ్ళు తమకు కావలసింది తెలుసుకొని తృప్తిపడిన సందర్భం, భువనేశ్వరానికి చెందిన ఇంగ్లీషు పాఠకుడొకడు విసుగుపుట్టి వెళ్ళిపోయిన సందర్భంగా నమోదైంది.

ఇందులో మూడు వేరు విషయాలు కలిసిపోయాయి. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, చదవగలిగిన లిపి ఒకటి, ఫోనులో ఉన్న భాష ఒకటి. నాయకునికి తెలియవలసింది మొదటిది. పత్రిక రూపొందించేవాడికి కావలసింది రెండవది. యంత్రం లెక్కపెట్టేది మూడవది. మూడవదాన్ని తెచ్చి మొదటిదని చెప్పడమే జరుగుతున్న పొరపాటు.

మాట, లిపి వేరని గంజాం రాజకీయాలు చూసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఇరవై నాలుగేళ్ళు ఒడిశా ముఖ్యమంత్రిగా ఉండి, 2000 నుంచి గంజాం జిల్లాలోని హింజిలికి ప్రాతినిధ్యం వహిస్తూ వచ్చిన నవీన్ పట్నాయక్ తన ఒడియా ప్రసంగాలను రోమన్ లిపిలో రాయించుకొని చదివేవారన్నది అందరూ ఎరిగినదే. విన్న జనానికి అది ఒడియా. కాగితం మాత్రమే ఒక యంత్రం చేతికిస్తే అది ఇంగ్లీషు అనవచ్చు. 1894లో వి.వి. గిరి పుట్టిన ఊరు బరంపురం. పి.వి. నరసింహారావు 1996లో నంద్యాలతోపాటు అక్కడి నుంచి కూడా లోక్‌సభకు ఎన్నికై, బరంపురం స్థానాన్నే ఉంచుకున్నారు. అటువంటి ఊరిలో తెలుగు మాట వినబడటం వింత కాదు. తెలుగు అక్షరం కనబడటం మాత్రం బడులతో ముడిపడిన విషయం. తెలుగు బడి మూతపడిన చోట ఒక తరం గడిచేసరికి మాట మిగిలి అక్షరం పోతుంది.

ఇది ఎంత ముఖ్యమో తెలియడానికి సముద్రం ఒడ్డుకు వెళ్ళాలి. గోపాలపురం, దాని చుట్టుపక్కల తీరంలో నోలియాలని పిలిచే బెస్తవారు తెలుగు మాట్లాడతారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. లక్షలమందిని ముందుగానే ఇళ్ళు ఖాళీ చేయించడంవల్ల ప్రాణనష్టం చాలా తగ్గింది. అటువంటి సమయంలో నాయకుని పత్రికలో వచ్చే నాలుగు వాక్యాలకు ఎంతో విలువ ఉంటుంది. ఆ నాలుగు వాక్యాలూ తెలుగు లిపిలో రాస్తే బడికి వెళ్ళని బెస్తకు, ఒడియా బడికి వెళ్ళిన అతని కొడుకుకు కూడా చేరవు. ఒడియాలో రాస్తే కొడుక్కు చేరతాయి. తెలుగులో చదివి వినిపిస్తే ఇద్దరికీ చేరతాయి. తెలుగు పేజీ లెక్కలో సున్నా కనిపించినంత మాత్రాన తెలుగుమాట అవసరం సున్నా కాదనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

న్యాయంగా రెండోవైపు కూడా చెప్పాలి. లెక్క తెలుగును తక్కువ చేసి చూపినట్టే ఎక్కువ చేసి చూపడమూ ఉంది. ఇంటర్నెట్‌లో తెలుగు పుట పెడితే ఇచ్ఛాపురం వాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు, హైదరాబాదు వాళ్ళు కూడా వస్తారు. తుఫాను రోజుల్లో బరంపురం రైళ్ళు నడుస్తున్నాయా అని వెతికినవాళ్ళంతా ఆ పుటలోకి రావచ్చు. ఆ అంకె చూపి "ఇంతమంది తెలుగు పాఠకులున్నారు" అని మనవాళ్ళు వాదిస్తే, అది 1931లో రెండు పక్షాలూ చేసిన పనే అవుతుంది.

ఇక కొడల పత్రిక దగ్గరకు వద్దాం. యువకుడు బరంపురం వచ్చినప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని పత్రికను మొదటినుంచి చూశాం. తెలుగు పేజీకి జనం రాకపోవడానికి కారణం పావుగంటలో దొరికింది. రెడీమేడ్‌గా దొరికే ఒక నమూనా తీసుకొని పత్రిక తయారుచేశారు. పాఠకుడి ఫోను ఏ భాషలో ఉంటే ఆ పేజీని తనంతట తానే తెరవడం ఆ నమూనాలోని ఏర్పాటు. సౌకర్యమనే పెట్టారు. ఫోన్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి కనుక అందరికీ ఇంగ్లీషు పేజీ తెరుచుకుంటున్నది. తెలుగు పేజీకి పోవాలంటే మూల ఉన్న మూడు గీతలు నొక్కి, అందులో ఇంగ్లీషులో "ఇతర భాషలు" అని ఉన్నచోట నొక్కి, అక్కడ ఇంగ్లీషు అక్షరాలలో రాసిన తెలుగు అనే మాటను పట్టుకోవాలి. తెలుగు చదవడం మాత్రమే వచ్చినవాడు తెలుగు పేజీ చేరాలంటే మూడుచోట్ల ఇంగ్లీషు చదవాలి. చేరినవాళ్ళు పదిమంది. ఆ పదిమందిని చూసి పేజీ తీసేద్దామనుకున్నారు. అమరిక లెక్కను నిర్ణయించింది, ఆ లెక్క మళ్ళీ అమరికను నిర్ణయించబోయింది. బడి లేక చదివేవాళ్ళు తగ్గడం, చదివేవాళ్ళు లేరని బడి తీసేయడం గంజాం తెలుగువారికి తెలిసిన కథే.

మేము చేసిన మార్పులు పెద్దవి కావు. తనంతట తానే భాష ఎంచే ఏర్పాటు తీసేశాం. మొదటి పుట నెత్తిన మూడు భాషల పేర్లు, ఎవరి లిపిలో వారివి, ఒకే సైజులో పెట్టాం. పాఠకుడు ఒకసారి ఎంచుకుంటే ఆ ఎంపికను గుర్తుపెట్టుకుంటుంది. తెలుగు పుటలో వత్తులు తెగిపోతున్నాయి. నమూనా ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి తయారైంది, వరుసల మధ్య ఎడం పెంచగానే సరిపోయింది. పాత ప్రకటనలు కొన్ని డి.టి.పి. చేసిన ఫైళ్ళనుంచి ఉన్నవి ఉన్నట్టుగా అతికించారు. తెలుగుకు అను, ఒడియాకు ఆకృతి వంటి పాత ఫాంట్లలో కొట్టినవి ఇంటర్నెట్‌లో అర్థంలేని రోమన్ అక్షరాలుగా మారతాయి. వాటిని మళ్ళీ యూనికోడ్‌లో టైపు చేయించక తప్పలేదు. తెలుగు పుటను ఒడియా పుట నుంచి నకలు తీశారు కానీ లోపల "ఈ పుట భాష ఒడియా" అన్న సూచికను మార్చలేదు. కంటిచూపు లేనివారికి పుటను చదివి వినిపించే ప్రోగ్రాం ఆ సూచికను నమ్మి తెలుగు అక్షరాలను ఒడియా గొంతుతో చదవబోయి తడబడుతుంది. (యూనికోడ్‌లో తెలుగు క సంఖ్య 3093, ఒడియా క సంఖ్య 2837. తేడా సరిగ్గా 256. తక్కిన అక్షరాలు చాలావాటికి కూడా ఇంతే తేడా. ఈ రెండు లిపుల వరసను ఒకే అచ్చులో పోశారు. గంజాంలో ఇళ్ళ వరసలు కూడా ఇలాగే ఉంటాయని మా యువకుడి వ్యాఖ్య.)

భాష విషయంలో ఇంకొంచెం ఎక్కువ సమయం పట్టింది. తెలుగు పాఠాన్ని యంత్రానువాదంతో తయారుచేశారు. యంత్రం నేర్చుకున్నది హైదరాబాదు, విజయవాడ పత్రికల తెలుగు. బ్లాకు అన్నచోటల్లా మండలం అని రాసింది. మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో 1985 తరువాత వచ్చినవి. ఒడిశాలో మండలం లేదు. బ్లాకే ఉంది, పంచాయతీ సమితి ఉంది. కొడల వంటి చిన్న పట్టణానికి ఎన్.ఎ.సి. అనే పాలకమండలి ఉంటుంది. దాన్ని జనం ఎనేసీ అనే అంటారు. "ప్రకటిత ప్రాంత మండలి" అంటే కొడలలో ఎవరికీ తెలియదు. గంజాం తెలుగుకు తనదైన పరిపాలన పదజాలం ఉంది. అది ఒడియా నుంచి, ఇంగ్లీషు నుంచి వచ్చింది. దాన్ని అశుద్ధమని సరిదిద్దితే ప్రకటన శుద్ధంగా ఉంటుంది, పింఛను మాత్రం అందదు. అనువాదాన్ని పక్కన పెట్టి ఊళ్ళో ఒకరిచేత రాయించమన్నాను. రాసినదాన్ని ఆమె చేతనే చదివించి రికార్డు చేయించాం. ఆ రికార్డును తెలుగు పుటలోనే కాక ఒడియా పుటలో కూడా పెట్టాం. అది మొత్తం పనిలో అతి తేలికైనది. ముందే ఎందుకు తోచలేదో తెలియదు.

ఒక విషయంలో మాత్రం అతనితో కాస్త గట్టిగా మాట్లాడవలసి వచ్చింది. పత్రిక చదవాలంటే ఫోను నంబరు, వార్డు రాయాలన్న ఫారం పెట్టాలని పైనుంచి సూచన వచ్చింది. లెక్క సరిగ్గా ఉంటుందని కారణం చెప్పారు. లెక్క సరిగ్గానే ఉంటుంది. కానీ నాయకుని పత్రిక చదివేవాడు బట్టల దుకాణానికి వచ్చే బేరగాడి వంటివాడు కాడు. తన వీధిలో నీళ్ళు రావటం లేదన్న ఫిర్యాదు పుటను ఎవరు చూశారు, తెలుగు పుటను ఎవరు ఎంచుకున్నారు అన్నది ఫోను నంబరుతో, వార్డుతో, వోటర్ల జాబితాతో కలిపితే, అది పాఠకుల లెక్క కాదు. ఏ వీధిలో ఏ భాషవాడు ఏమి అడుగుతున్నాడో చెప్పే జాబితా అవుతుంది. భాషా అల్పసంఖ్యాకుల విషయంలో అటువంటి జాబితా ఎవరి చేతిలో పడినా మంచిది కాదు. కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థ కోట్లమంది ఫేస్‌బుక్ సభ్యుల వివరాలు రాజకీయ ప్రచారం కోసం సేకరించిందని 2018లో బయటపడినప్పుడు, దూరదేశాల్లో జరిగే విషయమనుకున్నాం. ఫారానికి దూరం లేదు.

చట్టం కూడా ఇప్పుడు కొంత చెబుతున్నది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి మీద వివరాలు సేకరించేవారు ఎందుకు సేకరిస్తున్నారో చెప్పాలి. ఆ నోటీసును ఇంగ్లీషులోగాని రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోగాని చదువుకొనే వీలు కల్పించాలి. ఎనిమిదవ షెడ్యూలులో తెలుగు ఉంది. పత్రికలో తెలుగు తీసేసినా ఫారం పెట్టినచోట తెలుగు రాక తప్పదన్నమాట! ఎన్నికల సమయంలో అభ్యర్థి ఇంటర్నెట్ ప్రచారం ఖర్చు కూడా లెక్కలోకి వస్తుందని ఎన్నికల సంఘం 2013 అక్టోబరులోనే ఆదేశాలిచ్చింది. ఫారం ఆలోచన విరమించుకున్నారు. చిరునామాలో చివరి భాగం చెరిపి, మొత్తం అంకెలు మాత్రమే ఉంచుకొనే ఏర్పాటు చేశారు. సర్వర్‌లోనే పెట్టుకోగల మటోమో వంటి ప్రోగ్రాంలలో ఆ సదుపాయం ఉంది.

జనాభా లెక్కల కాగితం ఈ యంత్రం కంటె ఒక విషయంలో మెరుగు. మాతృభాషతోపాటు తెలిసిన మరో రెండు భాషలు రాయడానికి అందులో చోటుంది. 2021లో జరగవలసిన లెక్క వాయిదాపడి, 2027 మార్చి 1వ తేదీని ప్రామాణికంగా తీసుకొని జరుపుతామని 2025 జూన్‌లో ప్రకటన వెలువడింది. ఈసారి ఎవరి వివరాలు వారే కంప్యూటర్‌లో నింపుకొనే వీలు కూడా ఉంటుందంటున్నారు. కొడల బజారులోని ఆ ఇంట్లో ఆ పని కూతురి ఫోనులోనే జరుగుతుంది. నాయనమ్మ మాతృభాష గడిలో ఆ అమ్మాయి ఏమి రాస్తుందో, తన గడిలో ఏమి రాసుకుంటుందో గంజాం తెలుగువారు ఇప్పటినుంచే ఇళ్ళల్లో మాట్లాడుకోవలసిన విషయం.

మొన్న ఆ యువకుడు మళ్ళీ ఫోను చేశాడు. తెలుగు పుట లెక్క కొంచెం పెరిగిందట. ఒడియా పుట లెక్క ఎక్కువగా పెరిగిందట. చూస్తే, ఒడియా పుట తెరిచి అందులోని తెలుగు రికార్డు వింటున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

"వీళ్ళని ఏ గడిలో రాయమంటారు మాస్టారూ?"

రెండు గడుల్లోనూ రాయమన్నాను. అతని ప్రోగ్రాంలో అలా రాయడానికి వీల్లేదట. ఒక నోటుబుక్కు కొనుక్కున్నాడు.